తూటాల కొరతలో నిలువు దోపిడీకి గురికాకుండా కొనడం ఎలా?

2020 మార్చికి ముందు అమెరికాలో 9ఎంఎం తూటాల పెట్టె, 50 రౌండ్లది (రౌండు అంటే ఒక తూటా), 10 డాలర్లకు అటూ ఇటూగా దొరికేది. 2021 జనవరిలో అదే కంపెనీ పెట్టెను నేను 45 డాలర్లు పెట్టి కొన్నాను. అదీ షాపులో కాదు, ఒక పార్కింగ్ స్థలంలో, ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర. అతను డిక్కీ తెరిచినప్పుడు లోపల ఇంకో నలభై పెట్టెలైనా ఉన్నాయి. మా దగ్గరి షాపుల్లో అరలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో అప్పుడు అర్థమైంది. పోయిన డబ్బు సంగతి ఎప్పుడో మర్చిపోయాను కానీ, ఆ డిక్కీ మళ్లీ నిండడానికి నేనే డబ్బిచ్చి వచ్చానన్న బాధ మాత్రం పోలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ రేంజ్‌కి, అంటే కాల్పుల సాధన చేసే చోటికి, వెళ్లే అలవాటున్నవాళ్లు, జింకల సీజన్‌లో వేటకు వెళ్లేవాళ్లు, ఇంటి రక్షణకని పిస్టల్ కొనుక్కుని దానికి తగ్గ సాధన చేయాలనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కొన్నేళ్లకోసారి వచ్చే కొరతలో వీళ్లే ఎక్కువగా నష్టపోతారు, ఎందుకంటే ఇంతకుముందు కొరతను చూసి ఉండరు.

అన్నిటికన్నా ముందు: మీరు కొనవచ్చా?

దీన్ని దాటేసి ముందుకు వెళ్లకండి. హెచ్‌-1బీ, హెచ్‌-4, ఎల్‌-1, ఎఫ్‌-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. ఒక్క తూటా అయినా లెక్కే. రేంజ్‌లో అద్దె తుపాకీ చేత్తో పట్టుకున్నా లెక్కే. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మామూలు మనుషులకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉండటం. ఆ లైసెన్స్ గడువు తీరిన రోజున ఇంట్లో తూటాలు ఉంటే మళ్లీ నేరమే. 2022లో చట్టం మారాక ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లకు పెరిగింది. ఇమిగ్రేషన్ మీద పడే దెబ్బ దానికి అదనం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ పౌరులకూ ఈ నిషేధం వర్తించదు. మీరు వీసా మీద ఉంటే స్నేహితుల మాట మీద ఆధారపడకుండా లాయర్‌ని అడిగి ముందుకు వెళ్లండి.

రాష్ట్రాల నిబంధనలు వేరు. ఇలినాయ్‌లో తూటాలు కొనాలన్నా ఎఫ్‌ఓఐడీ కార్డు (తుపాకీ యజమానులకు రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) కావాలి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి, న్యూయార్క్‌లో 2023 సెప్టెంబర్ నుంచి తూటాలు కొన్నప్పుడు కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల నేర చరిత్ర తనిఖీ) పెట్టారు. ఈ రెండు రాష్ట్రాల్లో ఆన్‌లైన్‌లో కొన్నవి నేరుగా ఇంటికి రావు, లైసెన్స్ ఉన్న షాపుకి వస్తాయి. వీటిమీద కోర్టుల్లో కేసులు నడుస్తూ ఉంటాయి కాబట్టి కొనే ముందు మీ రాష్ట్రంలో ఆ రోజుకి ఏది అమల్లో ఉందో చూసుకోండి. లైసెన్స్ ఉన్న డీలర్ పిస్టల్ తూటాలను 21 ఏళ్లు నిండనివారికి, రైఫిల్, షాట్‌గన్ తూటాలను 18 నిండనివారికి అమ్మకూడదన్నది దేశమంతటా ఉన్న నియమం.

కొరత ఎలా పుడుతుందో తెలుసుకోండి

ఇది తెలిస్తే సగం టెన్షన్ తగ్గిపోతుంది. తూటా నాలుగు వస్తువుల కూర్పు: సాధారణంగా ఇత్తడితో చేసే కేసు, ముందుకు దూసుకెళ్లే బుల్లెట్, దాన్ని నెట్టే పౌడర్, దెబ్బ తగలగానే ఆ పౌడర్‌ని అంటించే ప్రైమర్. మొదటి రెండూ లోహం పని, ఎలాగో ఒకలా తయారు చేయవచ్చు. చిక్కంతా మిగతా రెండిటితోనే. అమెరికాలో ప్రైమర్లు పెద్ద ఎత్తున చేసే పేర్లు ప్రధానంగా నాలుగు: సీసీఐ, ఫెడరల్, వించెస్టర్, రెమింగ్టన్. పేలుడు పదార్థంతో చేసే పని కాబట్టి కొత్త లైను వేయాలంటే ఏళ్లు పడుతుంది. పౌడర్‌కి మూలమైన నైట్రోసెల్యులోజ్‌ని పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగు నుంచి తీస్తారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఫిరంగి గుండ్ల కోసం ప్రపంచమంతా దాని వెనక పడింది. మనలాంటి వాళ్ల వంతు చివర్లో వస్తుంది.

సరఫరా ఇంత బిగుతుగా ఉన్నచోట జనం ఒక్కసారిగా ఎగబడితే ఏమవుతుందో రెండుసార్లు చూశాం. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ పాఠశాలలో కాల్పులు జరిగాక కొత్త చట్టాలొస్తాయన్న భయంతో జనం కొనేశారు. మిగతా తూటాలు ఏడాదిలో తిరిగొచ్చినా, అన్నిటికన్నా చవకైన .22 అనే చిన్న తూటా మాత్రం ఏళ్ల తరబడి సరిగ్గా దొరకలేదు. రెండోసారి 2020లో. కోవిడ్, వీధుల్లో ఆందోళనలు, ఎన్నికలు, మూడూ ఒకే ఏడాది. ఆ ఒక్క సంవత్సరంలో తుపాకుల బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు 3.9 కోట్లు దాటాయి. లక్షల మంది మొదటిసారి తుపాకీ కొన్నారు, వాళ్లంతా రెండేసి పెట్టెల తూటాలూ కొన్నారు. సరిగ్గా ఆ వేసవిలోనే రెమింగ్టన్ దివాలా తీసింది. ఆర్కాన్సాలోని లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని ఆ శరదృతువులో విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ కొని మళ్లీ నడిపించాల్సి వచ్చింది. తర్వాత, రష్యా ప్రతిపక్ష నేత నవాల్నీపై విషప్రయోగం జరిగినందుకు, 2021 సెప్టెంబర్ 7 నుంచి రష్యా తూటాల దిగుమతికి అమెరికా ప్రభుత్వం కొత్త పర్మిట్లు ఆపేసింది. చవకగా దొరికే స్టీల్ కేసు 7.62x39 (ఏకే రకం రైఫిళ్ల తూటా) మీద బతికినవాళ్ల పని మెల్లగా అయిపోయింది.

గమనించండి, దివాలా తీసిన రెమింగ్టన్‌ని పక్కన పెడితే ఈ కథలో ఫ్యాక్టరీలు ఎక్కడా ఆగలేదు. తూటాలు దాచిపెడుతున్నారన్న పుకార్లు ప్రతిసారీ వస్తాయి. ఫ్యాక్టరీలు మాత్రం రాత్రింబగళ్లు పనిచేస్తూనే ఉన్నాయి, ఆర్డర్లే ఒక ఏడాదికి మించి పేరుకుపోయాయి. అంటే కొరత అనేది ఒక అల. వస్తుంది, ఏడాదో రెండేళ్లో నిలుస్తుంది, దిగుతుంది. 2021లో నేను 45 డాలర్లు పెట్టిన పెట్టె 2022 చివరికి 15 డాలర్ల దగ్గరికి వచ్చేసింది. అల మీద ఉన్నప్పుడు కొన్నవాళ్లు మోసపోయారు, అల రాకముందు కొన్నవాళ్లు హాయిగా ఉన్నారు. మిగతా అడుగులన్నీ మిమ్మల్ని ఆ రెండో గుంపులోకి చేర్చడానికే.

మీకు ఏడాదికి ఎన్ని కావాలో లెక్క వేయండి

నేను ఎవరిని అడిగినా "ఎన్ని దొరికితే అన్ని" అంటారు. భయం అక్కడే పుడుతుంది. ఒక కాగితం తీసుకుని మీ దగ్గరున్న ప్రతి తుపాకీకి ఒక వరుస రాయండి. నెలకు ఎన్నిసార్లు రేంజ్‌కి వెళ్తారు, వెళ్లిన ప్రతిసారీ ఎన్ని కాలుస్తారు. నెలకోసారి వెళ్లి 100 కాల్చేవాళ్లకు ఏడాదికి 1200 రౌండ్లు. వేట రైఫిల్‌కి స్కోప్ సరిచూసుకోవడానికి పదో పదిహేనో, వేటలో రెండో మూడో. అంటే ఏడాదికి 20 రౌండ్ల పెట్టె ఒకటి. ఇంటి రక్షణ పిస్టల్‌లో పెట్టుకునే హాలో పాయింట్ తూటాలు (బుల్లెట్ కొనలో గుంట ఉండేవి) ఒకటి రెండు పెట్టెలు చాలు, కానీ అవి మీ పిస్టల్‌లో ఇరుక్కోకుండా నడుస్తున్నాయో లేదో కాల్చి చూడటానికి ఇంకో రెండు పెట్టెలు లెక్కలో వేసుకోండి.

ఇప్పుడు ఆ సంఖ్యను ఒకటిన్నరతో గుణించండి. 1200 అయితే 1800. ఏడాదిన్నర కొరత వచ్చినా మీరు షాపు గుమ్మం తొక్కనక్కర్లేని నిల్వ అది. ఒకేసారి కొనమని కాదు. బజారు మామూలుగా ఉన్న రోజుల్లో, కాల్చినదానికి పైన నెలకు ఒకటి రెండు పెట్టెలు అదనంగా పక్కన పెడుతూ పోతే ఏడాదిన్నర నుంచి మూడేళ్లలో నిండిపోతుంది. ఆ తర్వాత కాల్చినంతే కొనండి. పాతవి ముందు వాడండి, కొత్తవి వెనక పెట్టండి. మన ఇళ్లలో బియ్యం డబ్బాను ఇలాగే నడుపుతారు కదా.

1800 దగ్గర ఆపేయడం కూడా అంతే ముఖ్యం. అవసరానికి ఐదింతలు పోగేసేవాళ్లందరూ కలిస్తేనే అరలు ఖాళీ అవుతాయి.

రౌండుకు ఎన్ని సెంట్లు? ఒక ధరల పుస్తకం పెట్టుకోండి

పెట్టె ధర చూసి కొనకండి. 20, 25, 50, 100, 1000, రకరకాల ప్యాకింగులు ఉంటాయి, కళ్లు మోసపోతాయి. పన్ను, రవాణా అన్నీ కలిపి మొత్తాన్ని రౌండ్ల సంఖ్యతో భాగించండి. ఉదాహరణకు ఆన్‌లైన్‌లో 1000 రౌండ్లు 250 డాలర్లు, రవాణా 25, పన్ను 20 అయితే రౌండుకు 29.5 సెంట్లు. పక్క షాపులో 50 రౌండ్ల పెట్టె పన్నుతో కలిపి 15 అయితే 30 సెంట్లు. ఆ అర సెంటు కోసం ఒకేసారి 295 డాలర్లు కట్టేయాలా అన్నది మీ ఇష్టం, కానీ లెక్క కళ్ల ముందు ఉండాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు 2024 జులై నుంచి వచ్చిన 11 శాతం రాష్ట్ర ఎక్సైజ్ పన్నునీ కలుపుకోవాలి. 1937 చట్టం కింద వచ్చే ఫెడరల్ 11 శాతం ఎలాగూ తయారీదారు ధరలోనే కలిసి వస్తుంది. అది వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తుంది కాబట్టి దాని గురించి నాకు ఫిర్యాదు లేదు.

పుస్తకంలో ప్రతి రకానికీ రెండు అంకెలు రాయండి: బజారు ప్రశాంతంగా ఉన్నప్పటి ధర, మీరు ఇక మించి ఇవ్వని ధర. నేను రెండోదాన్ని మొదటిదానికి ఒకటిన్నర రెట్లుగా పెట్టుకున్నాను. దాన్ని ప్రశాంతంగా ఉన్న రోజునే రాసిపెట్టుకోవాలి. ఖాళీ అర ముందు నిలబడి ఆలోచిస్తే ఏ ధరైనా న్యాయంగానే కనిపిస్తుంది.

ఎక్కడ, ఎలా వెతకాలి

కొరత సమయంలో కూడా తూటాలు షాపులకు వస్తూనే ఉంటాయి, గంటల్లో అయిపోతాయంతే. క్రీడా సామాన్ల చెయిన్ షాపులకు లారీ ఏ రోజు వస్తుందో కౌంటర్‌లో మర్యాదగా అడగండి, చాలామంది చెప్తారు. మనిషికి ఇన్ని పెట్టెలే అని పరిమితి పెట్టిన షాపు మీద విసుక్కోకండి. మీకోసం నాలుగు పెట్టెలు మిగులుతున్నది ఆ పరిమితి వల్లే. చిన్న తుపాకుల షాపు ఒకదానితో ముందునుంచీ పరిచయం ఉంచుకోండి. తుడిచే నూనె, టార్గెట్ కాగితాలు, రిపేర్లు అక్కడే చేయించుకునే మనిషి ఫోన్ చేస్తే ఒక పెట్టె పక్కన పెట్టే యజమానులు ఇంకా ఉన్నారు.

ఆన్‌లైన్‌లో అమ్మోసీక్ లాంటి పోలిక సైట్లు రౌండు ధర ప్రకారం షాపులన్నిటినీ వరుసగా చూపిస్తాయి. మీ రకం, మీ పై ధర పెట్టి వెతకండి. పెద్ద షాపుల సైట్లలో 'స్టాక్ వస్తే చెప్పండి' అన్న బటన్ నొక్కి ఉంచండి. తయారీదారులు కొందరు తమ సైట్లోనే నేరుగా అమ్ముతారు, అక్కడ ధర అదుపులో ఉంటుంది. అలవాటైన బ్రాండ్ దొరకకపోతే ఫియోకీ, సెలియర్ అండ్ బెలో, మ్యాగ్‌టెక్, పీఎంసీ, అగీలా లాంటి విదేశీ బ్రాండ్లు చూడండి. ఇటలీ, చెక్, బ్రెజిల్, కొరియా, మెక్సికో నుంచి వచ్చే మంచి సరుకే. ఒక్క జాగ్రత్త: అయస్కాంతానికి అంటుకునే తూటాలను చాలా ఇండోర్ రేంజ్‌లు లోపలికి రానివ్వవు. కొనే ముందు మీ రేంజ్ నియమం కనుక్కోండి.

వేటగాళ్లు ఆగస్టు, సెప్టెంబర్‌ల దాకా ఆగకండి. అందరూ అప్పుడే కొంటారు. సీజన్ అయిపోయాక, చలికాలం చివర్లో, వసంతంలో కొనండి. తయారీదారులు ఇచ్చే రిబేట్లు కూడా ఆ తీరిక నెలల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

బ్లాక్‌లో అమ్మేవాళ్లతో ఎలా వ్యవహరించాలి

ముందు ఇద్దరిని వేరు చేద్దాం. 10 డాలర్ల పెట్టెను 18కి పెంచిన షాపు యజమానిని నేను తప్పుపట్టను. తర్వాతి సరుకు అతనికే 15కి వస్తోంది, అద్దె కట్టాలి, జీతాలివ్వాలి. షాపు తెరవకముందే లైన్లో నిలబడి, పరిమితి దాటడానికి ఇంట్లోవాళ్లందరినీ తెచ్చి, అర ఖాళీ చేసి, సాయంత్రానికి అదే సరుకును మూడింతలకు అమ్మేవాడు వేరు. వాడు బజారుకి ఒక్క తూటా కూడా కొత్తగా చేర్చలేదు. ఉన్నవాటిని మీకూ షాపుకీ మధ్యలో అడ్డం పెట్టుకున్నాడు. వాడి వ్యాపారం మొత్తం మీ భయం మీద నడుస్తుంది, ఇంకే పెట్టుబడీ లేదు.

చట్టం మిమ్మల్ని కాపాడుతుందా అంటే, చాలావరకు లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం తూటాలు తయారు చేసి అమ్మడానికి లైసెన్స్ కావాలి కానీ, కొని తిరిగి అమ్మడానికి అక్కర్లేదు. ధరల దోపిడీని ఆపే ఫెడరల్ చట్టమే లేదు. చాలా రాష్ట్రాల్లో అలాంటి చట్టాలున్నా అవి సాధారణంగా అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడే, తిండి, మందులు, ఇంధనం, ఇళ్ల అద్దెలు లాంటి వాటికే వర్తిస్తాయి. మీ రాష్ట్ర చట్టంలోని మాటలు విస్తృతంగా ఉంటే, అత్యవసర పరిస్థితి అమల్లో ఉంటే, రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి రసీదు, ఫొటో, తేదీతో ఫిర్యాదు చేయండి, ఖర్చేమీ లేదు. ఈబేలో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో తూటాల అమ్మకం వాళ్ల నియమాలకే విరుద్ధం. అక్కడ కనిపిస్తే రిపోర్ట్ కొట్టండి.

కాబట్టి నిజమైన ఆయుధం ఒక్కటే, కొనకపోవడం. సాధన కోసమైతే రీసెల్లర్ దగ్గర అసలు కొనకండి, రెండు నెలలు రేంజ్ మానేసినా ఏమీ కాదు. ఇంటి రక్షణకు ఒక్క పెట్టె కూడా లేని కొత్తవాళ్ల పరిస్థితి వేరని నేను ఒప్పుకుంటాను. అలాంటప్పుడు ఒక పెట్టె వరకు కొనండి, కానీ ఇలా చూసి కొనండి.

వేలం సైట్లలో అడుగుతున్న ధర చూడకండి, నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. రెండింటికీ పొంతన ఉండదు. ధర తక్కువ చూపించి రవాణా ఖర్చులో దండుకునేవాళ్లు ఉంటారు, మొత్తం కలిపి భాగించండి. చేతికిచ్చే సరుకైతే కంపెనీ పెట్టె, సీలు, పెట్టె మీద లాట్ నంబర్ ఉండాలి. పెట్టె తెరిచి ఉంటే నాలుగైదు తూటాలు తీసి అడుగున ఉన్న ముద్ర చూడండి. పెట్టె మీద ఒక కంపెనీ, తూటాల మీద మూడు కంపెనీలు ఉంటే అవి ఇంట్లో మళ్లీ నింపినవి. ఆకుపచ్చ పట్టిన ఇత్తడి, కేసులోకి దిగిపోయిన బుల్లెట్, వంకరగా కూర్చున్న ప్రైమర్, వీటిలో ఏది కనిపించినా వెనక్కి తిరిగి వచ్చేయండి.

జిప్ కవర్లో పోసి అమ్మే తూటాలు ఎవరు ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తెలియని మనిషి ఇంట్లో నింపిన తూటాలో పౌడర్ రెండుసార్లు పడి ఉంటే తుపాకీ మీ చేతిలోనే పగులుతుంది. అసలు పడకపోతే ప్రైమర్ బలానికి బుల్లెట్ కదిలి గొట్టంలో సగంలో ఆగిపోతుంది. కాల్చినప్పుడు శబ్దం మామూలుగా కాక 'టప్' మని చిన్నగా వస్తే, చేతికి వెనక్కి తగిలే దెబ్బ బలహీనంగా ఉంటే, వెంటనే ఆపండి. తుపాకీని సురక్షితమైన వైపే గురిపెట్టి ఉంచి, కాసేపు ఆగి, ఖాళీ చేసి, గొట్టం లోపల వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. దాని వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టం పేలిపోతుంది. ఇది తెలిసిన మనిషి రేంజ్‌లో పక్కనే ఉంటాడు, సిగ్గుపడకుండా పిలవండి.

నకిలీ సైట్లు

నా మొదటి నష్టం పార్కింగ్ స్థలంలో అయితే రెండోది ఇక్కడ. ఎక్కడా లేని 9ఎంఎం ఒక సైట్‌లో వెయ్యి రౌండ్లు 2019 నాటి ధరకి కనిపించింది. లోగో, ఫొటోలు, రివ్యూలు అన్నీ ఉన్నాయి. కార్డు పనిచేయడం లేదు, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే సేవ) పంపమన్నారు. పంపాను. మర్నాటికి సైటే లేదు. బ్యాంకు వాళ్లు మీరే పంపారు కదా అన్నారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

అప్పుడు నేర్చుకున్నవి చెప్తాను. దేశమంతా లేనిది ఒక్కచోట చవకగా ఉందంటే అది లేదనే అర్థం. జెల్, క్యాష్ యాప్, బిట్‌కాయిన్, గిఫ్ట్ కార్డులు మాత్రమే తీసుకునే తూటాల షాపు నకిలీదే. సైట్ పేరు ఎప్పుడు రిజిస్టర్ అయిందో హూయిజ్ (సైట్ పేర్ల వివరాలు చూపే సేవ)లో చూడండి, మూడు నెలల కింద పుట్టిన 'ముప్పై ఏళ్ల షాపు'లు చాలా ఉన్నాయి. చిరునామాను మ్యాప్‌లో చూడండి. పోస్టులో పంపుతామంటే అక్కడితో ఆపేయండి, ఎందుకంటే అమెరికా పోస్టల్ సర్వీసులో తూటాలు పంపడం నిషేధం. కాలిఫోర్నియా ఇంటి చిరునామా ఇచ్చినా అభ్యంతరం చెప్పని సైట్‌ని కూడా నమ్మకండి. ఎప్పుడూ క్రెడిట్ కార్డుతోనే కట్టండి. సరుకు రాకపోతే స్టేట్‌మెంట్ వచ్చిన 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది. మోసపోతే ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 సైట్‌లో ఫిర్యాదు పెట్టండి. నా డబ్బు రాలేదు, కానీ అదే ముఠా మీద వచ్చే ఫిర్యాదులు ఒకచోట చేరడం అవసరం.

దొరికిందల్లా కొనకండి: సరిపోని తూటా ప్రాణం తీస్తుంది

కొరతలో జనం 'దగ్గరగా ఉంది కదా' అని కొనేస్తారు. తుపాకీ గొట్టం మీద ఏది చెక్కి ఉందో అదే కొనాలి. .300 బ్లాకౌట్ తూటా 5.56 రైఫిల్ మ్యాగజైన్‌లోకి చక్కగా వెళ్తుంది, కొన్నిసార్లు చాంబర్‌లోకీ, అంటే కాల్చేముందు తూటా కూర్చునే గొట్టం మొదట్లోకీ, దూరుతుంది. కాలిస్తే రైఫిల్ ముక్కలవుతుంది. .223 అని మాత్రమే రాసి ఉన్న రైఫిల్‌లో 5.56 వాడకండి. 20 గేజ్ షెల్ 12 గేజ్ కన్నా సన్నది కాబట్టి 12 గేజ్ షాట్‌గన్‌లో జారిపోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. దాని వెనక 12 గేజ్ పెట్టి కాల్చిన ప్రమాదాలు జరగబట్టే 20 గేజ్ షెల్స్‌కి పసుపు రంగు వేయడం ఆనవాయితీ అయింది. ఇలాంటి ప్రమాదకర జతల జాబితాను పరిశ్రమ ప్రమాణాల సంస్థ ఎస్‌ఏఏఎంఐ ఇస్తుంది, ఒకసారి చదవండి. రెండు రకాలు ఉన్నవాళ్లు రేంజ్ బ్యాగులో ఒకరోజు ఒక రకమే తీసుకెళ్లడం మంచిది.

బాతుల వేటకైతే ఇంకో మాట. 1991 నుంచి దేశమంతటా నీటిపక్షుల వేటలో సీసం గుళ్లు నిషేధం. స్టీలు దొరకలేదని పాత సీసం పెట్టె తీసుకెళ్లకండి.

తక్కువ తూటాలతో ఎక్కువ సాధన

నా గురి బాగుపడింది కొరత ఏడాదిలోనే. చేయి వణకకుండా ట్రిగ్గర్ లాగడం అనేది తూటా లేకుండా నేర్చుకునే విద్య. తుపాకీ ఖాళీ చేయండి, చాంబర్‌ని కంటితో చూడండి, వేలితో తాకి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. గురిపెట్టే గోడ బుల్లెట్‌ని ఆపగలిగేదై ఉండాలి. రోజుకు పది నిమిషాలు చాలు. ఫోన్ మోగినా, ఎవరైనా పిలిచినా ఆ రోజుకి ముగించండి, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. .22 తుపాకీలను ఇలా ఖాళీగా కొట్టేముందు మ్యాన్యువల్ చూడండి, కొన్నిటికి దెబ్బ తగులుతుంది. స్నాప్ క్యాప్ అనే ఉత్తుత్తి తూటా వాడితే బెంగ ఉండదు.

రేంజ్‌కి వెళ్లినప్పుడు 100 బదులు 30 తీసుకెళ్లండి. ప్రతి ఐదింటికీ ఒక లక్ష్యం పెట్టుకోండి. ఎయిర్ రైఫిల్ కొనుక్కుంటే గుళ్లు ఒక్కోటి రెండు మూడు సెంట్లే, అందులో నేర్చుకున్న గురి ఎక్కడికీ పోదు.

ఇంట్లో నింపుకోవడం, అదే రీలోడింగ్, మొదలుపెడదామా అని చాలామంది కొరతలోనే అడుగుతారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే. తూటాలు లేనప్పుడు ప్రైమర్లు ఇంకా ముందే మాయమవుతాయి. అంతకుముందు వెయ్యికి 30 డాలర్లుండే ప్రైమర్లకు అప్పట్లో రీసెల్లర్లు వంద, రెండు వందలు అడిగారు. ఆన్‌లైన్‌లో అయితే ప్రమాదకర సరుకు రుసుము కూడా పడుతుంది. బజారు నిమ్మళించాక, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి.

దాచుకోవడం, పంచుకోవడం

చల్లగా, పొడిగా ఉండే చోట, రబ్బరు అంచున్న లోహపు డబ్బాలో, కంపెనీ పెట్టెలతో సహా పెడితే తూటాలు దశాబ్దాలు చెడవు. ఎండలో కాలే గ్యారేజీ, కారు డిక్కీ పనికిరావు. పిల్లలున్న ఇంట్లో తాళం, తుపాకీకి ఒకటి, తూటాలకు వేరొకటి.

ఇండియా ప్రయాణం ఉంటే రేంజ్‌కి వాడిన బ్యాగును ఎప్పుడూ తీసుకెళ్లకండి. తప్పనిసరైతే ప్రతి జేబూ బోర్లించి దులపండి. మర్చిపోయిన ఒక్క తూటా అక్కడి విమానాశ్రయంలో స్కానర్‌కి దొరికితే 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక తెచ్చానని కోర్టులో నిరూపించుకోవచ్చు, కానీ అప్పటికి మీ సెలవు, టికెట్టు, ఇంట్లోవాళ్ల ప్రశాంతత అన్నీ పోయి ఉంటాయి.

చివరిగా నేను చేసే పని ఒకటి. కొన్న ప్రతి పెట్టె మీద తేదీ, రౌండుకు పడ్డ ధర మార్కర్‌తో రాస్తాను. పాతవి ముందు వాడటానికి అది పనికొస్తుంది. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మా రేంజ్‌లో పరిచయమైన ఒక తెలుగు కుర్రాడు, గ్రీన్‌కార్డు వచ్చిన కొత్తలో మొదటి పిస్టల్ కొని, "అన్నా, రెండు నెలల్నుంచి తిరుగుతున్నాను, ఒక్క పెట్టె ఉంటే ఇస్తారా, ఎంతైనా ఇస్తాను" అన్నాడు. అతని కార్డు చూసి, మా రాష్ట్రంలో అలా ఇవ్వడానికి అభ్యంతరం లేదని ముందే తెలుసు కాబట్టి, రెండు పెట్టెలు తెచ్చిచ్చాను. వాటి మీద 2019 అని, 19 సెంట్లు అని రాసి ఉంది. రెండింటికీ కలిపి 19 డాలర్లు తీసుకున్నాను.